విడుదల కాకముందే ఖరీదైన రెడ్ వైన్: లండన్ బ్రోకరు 8 లక్షలు కట్టమంటున్నాడు

చీమకుర్తి_గెలాక్సీ:
అందరికీ నమస్తే. ఉండేది ఒంగోల్లో, పని చీమకుర్తి క్వారీల్లో. వైన్ గురించి నాకు తెలిసింది సున్నా, అది ముందే చెప్పేస్తున్నా. ఈ మధ్య లండన్ నంబర్ నుంచి ఒకాయన ఫోన్లు చేస్తున్నాడు. తొందరపెట్టడు, మర్యాదగా మాట్లాడతాడు, ఇంట్లో వాళ్ళ బాగోగులు కూడా అడుగుతాడు. చెప్పేది ఏందంటే, ఫ్రాన్సులో బోర్డో అనే చోట 2024 పంట వైను ఇంకా పీపాల్లోనే ఉందంట. సీసాల్లోకి దించకముందే డబ్బు కట్టేస్తే చవగ్గా వచ్చుద్దంట. సరుకు 2027లో చేతికొచ్చేసరికి రేటు లేచి ఉంటదంట. లాఫీట్, మార్గో అని షాటోల (ద్రాక్షతోట, వైను తయారీ కలిసిన ఎస్టేట్ల) పేర్లు చెప్పాడు. 8 లక్షలతో మొదలుపెట్టు, ఏడాదికి 15 శాతం ఖాయం అన్నాడు. గూగుల్లో చూస్తే ఆ షాటోలు నిజంగానే ఉన్నాయి, ఇట్టా ముందే అమ్మేదీ నిజమే. అందుకే మనసు లాగుతోంది. తెలిసినోళ్ళు చెప్పండి.

పెన్నాగట్టు:
"ఖాయం" అన్న కాడే ఫోన్ పెట్టేయాల్సింది అన్నా.

కావలి_కుర్రోడు:
రొయ్యల గుంటలో పోసిందే ఇంకా పైకి తేలలా. పీపాలో పోసింది తేలుతాదా?

లండన్_నెల్లూరోడు:
నేను ఇక్కడ ఉద్యోగం చేసుకుంటా అప్పుడప్పుడు ఒకటో రెండో పెట్టెలు ఇట్టా కొనేవాణ్ణే. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

పద్ధతి పేరు ఆన్ ప్రిమ్యూర్. బోర్డోలో సెప్టెంబరు, అక్టోబరుల్లో ద్రాక్ష కోస్తారు. మరుసటి ఏప్రిల్‌లో, వైను ఓక్ పీపాల్లో ఉండగానే, వ్యాపారుల్నీ విమర్శకుల్నీ పిలిచి రుచి చూపిస్తారు. వాళ్ళు నూటికి ఇన్ని అని మార్కులేస్తారు. ఇంకా పీపాలోదే కాబట్టి ఎక్కువమంది ఒక్క అంకె వెయ్యరు, 94–96 అన్నట్టు వేస్తారు. మే, జూన్‌లలో ఒక్కో షాటో తన ధర బయటపెడుతుంది. పేరున్న షాటోలు నేరుగా మనకి అమ్మవు. మధ్యలో దళారి, ఆయనకి 2 శాతం. తర్వాత బోర్డో టోకు వ్యాపారి. ఆయన కాడ లండన్, హాంకాంగ్ దుకాణాలు కొంటాయి, ఆ దుకాణాల కాడ మనం. దుకాణానికి డబ్బు మొత్తం ఇప్పుడే కట్టాలి. సీసాల్లోకి దిగేది మరుసటి ఏడాది, చేతికొచ్చేది ఆ పై ఏడాది. 2024కి 2027 అని ఆయన చెప్పిన లెక్క కరెక్టే.

చెప్పనిది ఏందంటే, 2024 అక్కడ వానల సంవత్సరం. బూజు తెగులు గట్టిగా కొట్టింది, దిగుబడి తగ్గింది. విమర్శకులు కూడా ఆచితూచి మెచ్చుకున్నారు. 2022కి ధరలు బాగా పెంచిన షాటోలే 2023కి తగ్గించాయి, 2024కి ఇంకా తగ్గించాయి. కొనేవాళ్ళు వెనకాడబట్టి తగ్గిన ధర అది. నిజంగా 15 శాతం ఖాయమైతే లండన్లోనే కొనేవాళ్ళు బారులు తీరతారు. ఒంగోలు దాకా ఫోన్ చేసే పనేముంది?

ఉలవపాడు_తోట:
ఇది మనం మామిడి తోట పూత మీద గుత్తకి పట్టడమే గదా! పూత చూసి రేటు కడతాం. గాలివానకి రాలిపోతే మన ఖర్మ, నిలబడితే లాభం. మాకిది తాతల నాటి యాపారం. ఇందులో మోసమేముంది?

లండన్_నెల్లూరోడు:
పద్ధతిలో మోసం లేదన్నా. పోలిక మాత్రం సగం వరకే. గుత్తకి పట్టినోడు తోటలో గుడిసేసుకుని పడుకుంటాడు, కాయ కళ్ళ ముందుంటాది. ఇక్కడ నీ పేరున పీపా ఉండదు, షాటోకి నువ్వెవరో తెలియదు. నీ చేతిలో ఉండేది దుకాణం వాడిచ్చిన ఇన్‌వాయిస్ కాగితం ఒక్కటే. వాడు రెండేళ్ళు నిలబడితేనే నీ సీసా.

ఉలవపాడు_తోట:
గుడిసె మాట నిజమే. రాత్రిళ్ళు పందుల్ని తోలలేక చచ్చిపోతాం.

డాలస్_కందుకూరు:
దుకాణం నిలబడకపోతే ఏమైద్దో ఇక్కడ చూశారు. కాలిఫోర్నియా బర్కిలీలో ప్రీమియర్ క్రూ అని వైన్ షాపు ఉండేది. ఇంకా రాని వైన్లని బయట రేటు కన్నా తక్కువకి "ప్రీ-అరైవల్" పేరుతో అమ్మేవాళ్ళు. కొత్తగా కట్టినోళ్ళ డబ్బుతో పాతోళ్ళకి సరుకు తెచ్చిచ్చేవాడు యజమాని జాన్ ఫాక్స్. కొన్ని ఆర్డర్లకి అసలు వైను కొననే లేదు. 2016 జనవరిలో దివాలా. అదే ఏడాది కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, ఆరున్నరేళ్ళ జైలు పడింది. కస్టమర్లకి పోయింది 4.5 కోట్ల డాలర్ల దాకా. అందులో కొంత స్పోర్ట్స్ కార్లకీ, గోల్ఫ్ క్లబ్బులకీ పోయింది. అదేమీ నిన్నా మొన్నా పెట్టిన కొట్టు కాదు, ఊళ్ళో పెద్ద పేరున్న షాపు. ఏళ్ళ తరబడి చాలామందికి సీసాలు నిజంగానే అందాయి. ఆలస్యమైతే "షిప్‌మెంటు దార్లో ఉంది" అనేవాళ్ళు. ఎట్టాగూ రెండేళ్ళు ఆగాల్సిన సరుకు కాబట్టి అడిగేవాళ్ళకి కూడా అనుమానం రాలా.

ఇక్కడి నాపా వాలీ వైన్ల లెక్క వేరు. స్క్రీమింగ్ ఈగిల్, హార్లన్ లాంటి వైన్ తయారీ కంపెనీలు తమ మెయిలింగ్ లిస్టులో ఉన్నోళ్ళకే నేరుగా అమ్ముతాయి. లిస్టులో చోటు కోసం ఏళ్ళ తరబడి ఆగాలి. తీరా వచ్చిన కోటా కొనకపోతే పేరు తీసేస్తారని భయం. మా ఆఫీసులో ఒకాయన అప్పు చేసి మరీ కొంటాడు. బీపీ మాత్రలు వేసుకుంటాడు కాబట్టి తాగడు!

కలిగిరి_అక్క:
తమ్ముళ్ళూ, దూబగుంట మా మండలమే. రోశమ్మ గారు, ఆమెతో ఉన్న ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించిన నేల ఇది. ఆ ఊరి నుంచి లేచిన గొడవకే 1993లో సారా పోయింది, 1995 జనవరిలో మద్యమే పోయింది. ఈ రోజు అదే జిల్లా వాళ్ళు సీసా లక్ష పెట్టి కొనాలా, లక్షన్నర పెట్టి కొనాలా అని తర్కించుకుంటున్నారు. చదువుతుంటే నవ్వొస్తుండాది, అంతే. కొనబాకండి అని చెప్పను, మీ డబ్బు మీ ఇష్టం.

పెన్నాగట్టు:
అక్కా, 1997లో ఎత్తేశారు గదా నిషేధం. అయినా రోశమ్మ గారి కోపం కూలి డబ్బు సాయంత్రానికి సారా కొట్టుకి పోతుందని. ఇది తాగడానికి కొనేదే కాదు.

కలిగిరి_అక్క:
తాగనిదానికి ఎనిమిది లక్షలా? మగాడు ఇంటికి తేవాల్సిన డబ్బు సీసా వైపు పోతే తాగితే ఏంది, దాచితే ఏంది అబ్బయ్యా.

నిర్వాహకుడు:
చర్చ బాగుంది, కానివ్వండి. ఎవరూ అమ్మకం లింకులు పెట్టబాకండి, మద్యం ప్రకటనలు ఇక్కడ కుదరవు. ఇప్పటికే ఒకటి తీసేశాను.

దర్గామిట్ట:
ఒకవేళ సీసాలు నిజంగానే వచ్చినా మన దగ్గర పెట్టేదెక్కడ? మా అల్లుడు పారిస్ నుంచి ఒక మంచి బోర్డో తెచ్చాడు. ఏదన్నా శుభకార్యానికి తీద్దామని బీరువా మీద నిలబెట్టి ఉంచాం. రెండు వేసవులు పోయినాయి. తీసి చూస్తే బిరడా సీసా మూతి కన్నా పైకి పొడుచుకొచ్చి ఉంది. పైనున్న రేకు తొడుగు వేలికి జిగటగా అంటుకుంది. అంచు కింద నుంచి లేబుల్ మీదకి ఎర్రటి చార, షాటో బొమ్మ సగం తడిసి ఎండిపోయి ఉంది. గ్లాసులో పోస్తే రంగు ఇటుకపొడి రంగు. ఒక గుక్క తాగి అల్లుడు మొహమాటానికి "బానే ఉంది మామయ్యా" అన్నాడు, మా ఆవిడ మిగతాది సింకులో పోసేసింది.

లండన్_నెల్లూరోడు:
వేడికి లోపలి వైను ఉబ్బి బిరడాని తోసేస్తాది అంకుల్. ఈ వైన్లకి కావాల్సింది 12, 13 డిగ్రీలు, అదీ ఏడాది పొడుగునా మారకుండా. గాల్లో తేమ 60, 70 శాతం ఉండాలి. బిరడా ఎండకుండా సీసా పడుకోబెట్టాలి. నెల్లూర్లో రోహిణి కార్తెకి ఏసీ గది కూడా చాలదు, తుపానొచ్చి రెండ్రోజులు కరెంటు పోతే వైన్ ఫ్రిజ్ కూడా మామూలు బీరువానే.

అందుకే కొన్నవాళ్ళెవరూ ఇంటికి తెచ్చుకోరు. బ్రిటన్లో డ్యూటీ కట్టకుండా సరుకు ఉంచుకునే బాండెడ్ గోడౌన్లు ఉన్నాయి. కోర్షమ్ అనే ఊళ్ళో ఆక్టేవియన్ వాళ్ళది పాత రాతిగని, భూమి లోపలే. చీమకుర్తి అన్నకి నచ్చుద్ది! అక్కడ పెట్టె కదలకుండా ఉంటే, తర్వాత అమ్మేటప్పుడు "మొదటి నుంచి ఇక్కడే ఉంది" అని రుజువు. ఆ రుజువు లేని సీసాకి ఎవడూ మంచి రేటు ఇవ్వడు. ఒకసారి నెల్లూరు చూసొచ్చిన పెట్టెని లండన్లో కొనరు.

ట్రంక్‌రోడ్_ఆడిటర్:
డబ్బు వైపు నుంచి కొన్ని మాటలు. విదేశానికి పంపేది ఎల్‌ఆర్‌ఎస్ (బయటి దేశాలకి డబ్బు పంపుకునే రిజర్వు బ్యాంకు పథకం) కింద, ఏడాదికి మనిషికి 2.5 లక్షల డాలర్ల దాకా పరిమితి. ఏ పని మీద పంపుతున్నావో బ్యాంకు అడుగుద్ది, డిక్లరేషన్ ఇవ్వాలి. ఏడాదిలో పంపింది 10 లక్షలు దాటితే, పైనున్న దాని మీద ఇట్టాంటి వాటికి 20 శాతం టీసీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పట్టుకుంటారు. ఆదాయపన్ను రిటర్న్‌లో సర్దుబాటు అయిద్దనుకో, కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటది. బయట దేశంలో ఆస్తి ఉంటే రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ అనే విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలి. వైన్ కదా, ఎవరడుగుతారు అనుకోబాకండి. బ్రోకరు "మాకు దుబాయ్ అకౌంటు ఉంది, దానికి వేసేయండి" అంటే అసలు వినబాకండి.

సరుకు ఇండియాకి తెప్పిస్తే వైన్ మీద కస్టమ్స్ 150 శాతం. దాని పైన రాష్ట్ర ఎక్సైజు. మన రాష్ట్రంలో ఒక మనిషి దగ్గర ఎన్ని సీసాలు ఉండొచ్చో దానికీ పరిమితి ఉంది. లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టెలకి పెట్టెలు పేర్చుకుంటే ఖరీదైన వైనా, చీప్ లిక్కరా అని కానిస్టేబులు చూడడు.

కావలి_కుర్రోడు:
అంతా భయపెట్టేవాళ్ళే. ఇందులో బాగుపడినోడు ఒక్కడూ లేడా?

లండన్_నెల్లూరోడు:
ఎందుకు లేరు. లాఫీట్ 2008 కథ విను. 2009లో ధర పెట్టారు. అప్పుడే అమెరికా బ్యాంకులు కూలి అందరూ భయపడి ఉన్నారు, కాబట్టి చవగ్గా వదిలారు. తర్వాత చైనా వాళ్ళు లాఫీట్ మీద పడ్డారు. 2010 అక్టోబరులో షాటో వాళ్ళు ఆ 2008 పంట సీసా మీద చైనా లిపిలో 8 అంకె అచ్చు వేస్తున్నామన్నారు. 8 అక్కడ అదృష్ట సంఖ్య. ఆ వార్తకే ధర ఎగిరింది. మొదట కొన్నోడికి ఎన్నో రెట్లు.

దాన్ని చూసి జనం 2009, 2010 పంటల మీద ఎగబడ్డారు. పంటలు నిజంగానే గొప్పవి, షాటోలు ధరలు కూడా అంతే గొప్పగా పెట్టాయి. 2011 మధ్య నుంచి మార్కెట్ దిగింది. పీపాలో ఉండగా ఆ 2010 కొన్నోళ్ళలో చాలామంది, అది సీసాలో గోడౌనుకి చేరాక తాము కట్టినదాని కన్నా తక్కువకే దొరుకుతుంటే చూస్తా కూర్చున్నారు. వైను బాగుండడం వేరు, కొన్న ధర బాగుండడం వేరు. షాటో లాటూర్ అయితే 2012లో ఈ పద్ధతికే దండం పెట్టి బయటికొచ్చేసింది. ఇప్పుడు తన గోడౌనులోనే ఉంచి, తాగేందుకు సిద్ధమయ్యాక అమ్ముతుంది. రేటు పెరిగేదేదో తనకే పెరగనీ అని.

ఇంకో లెక్క. ఆరు సీసాల పెట్టె 600 పౌన్లకి కొన్నావనుకో. గోడౌను అద్దె, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 12 పౌన్లు అనుకో, అయిదేళ్ళకి 60. అయిదేళ్ళ తర్వాత 750కి అమ్ముడుపోయింది. చూడ్డానికి 25 శాతం. అమ్మిపెట్టినోడి కమిషన్ 10 శాతం, 75 పోయింది. అద్దె తీసేస్తే మిగిలింది 615. అయిదేళ్ళకి 15 పౌన్లు.

కావలి_కుర్రోడు:
పోస్టాఫీసోడు నయం.

లండన్_నెల్లూరోడు:
కాబట్టి నేను చూసేది ఒక్కటే. అదే షాటోది, అంతే మార్కులున్న పాత పంట, ఇప్పటికే సీసాలో ఉన్నది ఎంతకి దొరుకుతాందో చూస్తా. రెండేళ్ళు ఆగాల్సినది దాని కన్నా బాగా తక్కువ ఉంటేనే కొనాలి. చాలా సంవత్సరాలు ఉండదు. 2016, 2019 పంటలు సీసాల్లో సిద్ధంగా ఉండగా ఇంకా పీపాలో ఉన్నదానికి నేనెందుకు తొందరపడాలి?

చీమకుర్తి_గెలాక్సీ:
అందరికీ థాంక్స్. అడగ్గానే ఆయన ఇన్‌వాయిస్ నమూనా పంపాడు. చూసి చెప్పండి. పైన బంగారు రంగు లోగో. "ప్రీమియం బోర్డో పోర్ట్‌ఫోలియో 2024, 1 యూనిట్" అని ఒక్క లైను. మొత్తం పౌన్లలో. కింద బ్యాంకు అకౌంటు. కంపెనీ పేరు ఒకటి, అకౌంటు పేరు ఇంకొకటి, దేశం కూడా బ్రిటన్ కాదు. గోడౌను గడిలో "త్వరలో తెలియజేయబడును" అని ఉంది.

లండన్_నెల్లూరోడు:
అన్నా, యూనిట్ అంటే ఏంది? చీమకుర్తిలో "గ్రానైటు, 1 యూనిట్" అని బిల్లు రాస్తే నువ్వు డబ్బు కడతావా? బ్లాకు నంబరు, కొలత, గ్రేడు అడగవూ?

సరైన ఇన్‌వాయిస్‌లో షాటో పేరు, పంట ఏడాది, 6 సీసాలా 12 సీసాలా, ఒక్కోటి 75 సెంటీలీటర్లా, డ్యూటీ కట్టని ధరా కట్టిన ధరా, ఎప్పటికి చేరుద్ది, ఏ గోడౌనులో నీ పేరున ఏ అకౌంటులో పడుద్ది, అన్నీ ఉంటాయి. నీ పేరున అన్నది ముఖ్యం. దుకాణం పేరున ఉంటే, దుకాణం మునిగిన రోజు ఆ పెట్టె అప్పులోళ్ళదో నీదో తేలడానికి ఏళ్ళు పడుద్ది. కంపెనీ ఎప్పుడు పుట్టిందో బ్రిటన్ కంపెనీస్ హౌస్ వెబ్‌సైటులో ఊరికే చూడొచ్చు. ఇంకోటి, ఇక్కడ వైన్ పెట్టుబడులు ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ (పెట్టుబడుల మీద కన్నేసి ఉంచే బ్రిటన్ సంస్థ) కిందికి రావు. మోసపోతే వాళ్ళ కాడికి పోయి మొరపెట్టుకునే దారి లేదు.

చీమకుర్తి_గెలాక్సీ:
చూశా. కంపెనీ పుట్టి ఏడు నెలలు. ఆయనేమో ఫోన్లో "మా తాతగారి కాలం నుంచి" అన్నాడు.

పెన్నాగట్టు:
తాతగారు ఏడో నెలలో ఉన్నట్టున్నారు.

చీమకుర్తి_గెలాక్సీ:
సరే, ఆయన సంగతి అయిపోయింది. ఇప్పుడు అసలు మాట చెప్తా, నవ్వబాకండి. మా పాప 2024లో పుట్టింది. ఆ ఏడాది వైను ఒకటి దాచి, పెద్దయ్యాక ఇద్దామని ఆయన మాటల్లో నా బుర్రలో పడింది. లాభం అక్కర్లేదు. మా చెల్లెలూ బావా బ్రిటన్లో రెడింగ్ అనే ఊళ్ళోనే ఉంటారు. దానికైతే ఏం చెయ్యాలి?

కలిగిరి_అక్క:
పాప పేరున ఆ డబ్బుతో పోస్టాఫీసులో సుకన్య కట్టు తమ్ముడూ.

చీమకుర్తి_గెలాక్సీ:
కడుతున్నా అక్కా. అది వాళ్ళమ్మ చూస్తది.

లండన్_నెల్లూరోడు:
దానికైతే లాఫీట్ ఎందుకన్నా. బోర్డోలోనే సాన్ జులియాన్ అనే చోట లెయోవిల్ బార్టన్ లాంటి షాటో చూడు. బార్టన్ కుటుంబం 1826 నుంచి చేస్తుండాది, ధర అన్యాయంగా పెట్టరు, చాలా ఏళ్ళు నిలవుంటాది. మామూలు సీసాలైతే ఇప్పుడే తొందర లేదు, 2027లో అంగట్లో దొరుకుతాయి. కానీ మాగ్నమ్, అంటే ఒకటిన్నర లీటర్ల సీసా, కావాలంటే ముందే చెప్పుకోవడం మేలు. పీపాలో ఉండగా ఆర్డరిచ్చినోళ్ళు సీసా సైజు కోరుకోవచ్చు, తర్వాత మాగ్నమ్‌లు వెతుక్కోవాలి. పెద్ద సీసా కదా, వైను అందులో నెమ్మదిగా పండుద్ది. 2024 అంత గట్టి సంవత్సరం కాదు కాబట్టి పెద్ద సీసానే నయం. పాత, పేరున్న దుకాణంలో మీ బావ పేరున, బాండెడ్ గోడౌను అకౌంటు తీసి పెట్టమను.

డాలస్_కందుకూరు:
నేను ఒప్పుకోను. మాగ్నమ్ ఒకటి చెడితే మొత్తం పోయినట్టే. ఆరు మామూలు సీసాలైతే ఒకటి బిరడా చెడి వాసన కొట్టినా అయిదు ఉంటాయి. పైగా మధ్యలో ఒకటి తీసి ఎట్టా ఉందో చూసుకోవచ్చు.

లండన్_నెల్లూరోడు:
చీమకుర్తి అన్నకి వైన్ సంగతే తెలియదంట, రుచి చూసేదెవరు?

ట్రంక్‌రోడ్_ఆడిటర్:
తెచ్చుకునే లెక్క కూడా చూసుకోండి. విమానంలో వచ్చే పెద్దవాళ్ళకి మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేదు. ముప్పావు లీటరు సీసాలు రెండు, లేదా మాగ్నమ్ ఒకటి. రెండో మాగ్నమ్ పట్టుకొస్తే కౌంటర్లో 150 శాతం గుర్తుకొచ్చుద్ది. బిల్లు దగ్గరుంచుకోండి.

చీమకుర్తి_గెలాక్సీ:
అయితే చెల్లెలికి ఒకటి, బావకి ఒకటి. రెండు మాగ్నమ్‌లు చాలు. బావతో మాట్లాడా, శనివారం దుకాణానికి వెళ్ళి అడుగుతానన్నాడు. ఎప్పటికి తియ్యొచ్చంటారు?

లండన్_నెల్లూరోడు:
వైను పదేళ్ళకే సిద్ధమైద్ది. కానీ మన రాష్ట్రంలో 21 నిండందే తాగకూడదు, అంటే 2045. అప్పటిదాకా తేవద్దు, ఇక్కడే ఉండనీ. తెచ్చేది ఆ ఏడాది చలికాలంలో, సంక్రాంతికి ముందు.

కావలి_కుర్రోడు:
2045లో నాకు కబురు పెట్టన్నా. మాగ్నమ్ అంటున్నారు, ఇంట్లో వాళ్ళకి ఎక్కువైపోతాది.